గోతం లేని తరుగు

పొద్దున్నే కారంపూడి హైస్కూలు గ్రౌండుకు రాగానే రోహిణి చేసే మొదటి పని, సామాన్ల గదిలోంచి ఇరవై కిలోల ఇనప తూకంరాయిని రెండు చేతులా మోసుకొచ్చి బరువు చూసే మిషను మీద పెట్టడం. అంకె సరిగ్గా ఇరవై చూపిస్తేనే కబడ్డీ పిల్లల్ని ఎక్కనిస్తుంది. లేదంటే ఆ రోజుకి మిషను మూలకి పోతుంది.

"అక్కకి మాకంటే ఆ రాయంటేనే ఇష్టం" అని పిల్లలు గొణుక్కుంటారు. రోహిణి నవ్వి ఊరుకుంటుంది.

పదిహేనేళ్ళ వయసులో ఆమెకి ఈ రాయి లేదు. ఆదినారాయణ బాబాయి కాటా ఉండేది. ఆయన సొంత బాబాయేమీ కాదు, పక్కింటి మిర్చి వ్యాపారి. జిల్లా సబ్ జూనియర్ సెలక్షన్స్‌లో ఆడాలంటే యాభై ఐదు కిలోలు దాటకూడదు. రోహిణికి అదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. కూతకెళ్ళి ఆమెలా తిరిగొచ్చేవాళ్ళు ఊళ్ళో మగపిల్లల్లోనూ లేరు. అందుకే రోజూ బడి వదలగానే ఆ పిల్ల మిర్చి బస్తాల మధ్యనుంచి దూరి కాటా ఎక్కేది.

"యాభై నాలుగున్నర! ఇంకా అర కిలో జాగా ఉందే, పోయి రెండు గారెలు తిను" అనేవాడు బాబాయి.

కాటా ఖాళీగా ఉన్నప్పుడు అంకె ముందు చిన్న గీత కనపడేది. అద్దం గీరుకుపోయింది కాబోలనుకుంది రోహిణి. గారెలు తినేసింది.

నరసరావుపేటలో సెలక్షన్స్ రోజున మిషను యాభై ఐదున్నర చూపించింది. దిగి మళ్ళీ ఎక్కింది. పట్టీలు తీసింది, జడపిన్నులు కూడా తీసేసింది. అంకె కదల్లేదు.

"నిన్న ఎంతున్నావే?" అన్నాడు వాళ్ళ పీఈటీ శౌరి సారు.

"యాభై నాలుగున్నర సార్. మిర్చి కాటా మీద చూసుకున్నా."

శౌరి సారు నెత్తి కొట్టుకున్నాడు. "మిర్చి కాటానా! గోతం బరువు కింద కిలో తరుగు ముందే తీసేసి చూపిస్తది గదే అది!"

అంకె ముందు కనపడే గీత మైనస్ గుర్తని రోహిణికి అప్పుడు వెలిగింది. సారు చేతిలో ఫోను లాక్కుని బాబాయికి చేసింది. "తరుగు తీశావంటగా! నాకు గోతం ఎక్కడుంది బాబాయ్?" అని భోరుమంది. "అయ్యో తల్లీ, రోజూ బస్తాలు చూసే కళ్ళు, ఆ సంగతే మర్చిపోయానే" అన్నాడాయన. శౌరి సారుకి నవ్వూ ఆగలేదు, బాధా ఆగలేదు.

"మధ్యాహ్నం దాకా టైముంది. రెయిన్ కోటు తొడిగి ఎండలో పరిగెత్తించండి, మంచినీళ్ళు ఇవ్వబాకండి" అని పక్కన ఎవరో సలహా ఇచ్చారు.

"అర కిలో పోద్ది. పిల్ల కళ్ళు తిరిగి పడితే నువ్వు మోసుకెళ్తావా?" అన్నాడు సారు.

ఆయన ఆఫీసర్లతో మాట్లాడ్డానికి వెళ్ళాడు. తూకం దగ్గర కూర్చున్నాయన గొంతు తగ్గించాడు. "ఆ గోడ మీద కాస్త చెయ్యి ఆనించమ్మా. నేను అటు చూస్తాలే."

రోహిణి మళ్ళీ మిషనెక్కి చెయ్యి ఆనించింది. అంకె యాభై నాలుగూ చిల్లరకి దిగింది. ఆయన కలం తీశాడు.

ఆమె వెనకాల క్రోసూరు నుంచి వచ్చిన భార్గవి నిలబడి ఉంది. చేతిలో తడిసిన రెయిన్ కోటు, ఎండిపోయిన పెదాలు, వణికే కాళ్ళు. పొద్దున్నుంచీ పరిగెత్తినట్టుంది. రోహిణి ఆ కాళ్ళనే చూసింది. గోడ మీంచి చెయ్యి తీసేసింది.

"వద్దన్నా. ఆ పిల్ల చూడు ఎట్టా అయిపోయిందో. నేనేమో గోడ పట్టుకుని పోవాలా?"

"ఏందే, వచ్చిన ఛాన్సు వదులుకుంటావా?"

"పోతే పోయింది" అని దిగిపోయింది. దిగాక ఏడుపు మాత్రం బాగానే వచ్చింది.

భార్గవి తూకంలో నెగ్గింది. ఆటలో రెండోసారి కూతకెళ్ళి గీత దగ్గరే కూలబడిపోయింది. నీడలోకి మోసుకెళ్ళి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిన వాళ్ళలో రోహిణి కూడా ఉంది. "నీకు తెలివి ఉంది, నాకు లేదు" అంది భార్గవి గొంతు పెగిలాక. "తెలివేం కాదు, గారెలు" అంది రోహిణి. ఇద్దరూ నవ్వారు.

శౌరి సారు రోహిణికి ఇడ్లీలు తినిపించి, ఆఫీసర్లని ఒప్పించి, సాయంత్రం ఇంకా ఎక్కువ బరువుకి అవకాశముండే జూనియర్ల సెలక్షన్‌లో దింపాడు. అక్కడందరూ పెద్ద పిల్లలు. మొదటి కూతకే నలుగురు కలిసి ఆమెని బస్తాలాగా ఎత్తి పక్క హద్దు గీత అవతల దించారు. "ఇప్పుడు నువ్వే గోతానివి" అని అరిచాడు సారు. తర్వాత రెండుసార్లు వాళ్ళ చేతుల కిందనుంచి జారి పాయింటు తెచ్చింది. ఆ ఏడాది జట్టులోకి తీసుకోలేదు. మరుసటి ఏడాది తీసుకున్నారు.

ఆ సెలక్షన్స్ అయిన వారం తిరక్కముందే ఆదినారాయణ బాబాయి ఆ తూకంరాయిని స్కూటర్ మీద పెట్టుకొచ్చి గుమ్మంలో దించాడు. "ముందు దీన్ని ఎక్కించు, తర్వాత నువ్వెక్కు. నా కాటాని కూడా నమ్మబాక" అన్నాడు.

ఇప్పుడు రోహిణి కారంపూడి హైస్కూల్లోనే పీఈటీ. బరువు పెరిగిన పిల్ల ఎవరైనా సరే కడుపునిండా తిని పై విభాగంలో ఆడాల్సిందే. ఈ ఏడాది అలా ఆడుతున్నవాళ్ళలో బాబాయి మనవరాలు యశస్విని కూడా ఉంది.