పోలమ్మ ఆది రవిక

1961లో బిట్రగుంట బజారులో నేను కుదుర్చుకున్నంత తెలివితక్కువ బేరం అంతకుముందు ఎవరూ కుదుర్చుకోలేదు, ఆ తరువాతా కుదుర్చుకోలేదు. ఈ ఒక్క విషయంలో నాకు పోటీ లేదు. గల్లాపెట్టె పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, చేపలమ్మే ఆవిడ చేతిలో చిత్తుగా ఓడిపోయాను!

నాది బట్టల అంగడి. అరుగు మీద రెండు కుట్టు మిషన్లు. మా పనిలో టేపు కన్నా 'ఆది' ముఖ్యం. ఒంటికి సరిపోయిన పాత రవికను ఆడవాళ్లు ఇచ్చి పోతారు. దాన్ని పరుచుకుని కొత్తది కత్తిరిస్తాం. లోపలి కుట్ల దగ్గర కాస్త బట్ట ఎక్కువ వదులుతాం. దాని పేరు 'మార్జిన్'. మనిషి లావెక్కితే కుట్లు విప్పి వదులు చేయడానికి అన్నమాట.

జువ్వలదిన్నె పోలమ్మ ఆది పరిస్తే నా కోత బల్ల నిండిపోయేది. ఆ బరువుకు మోకాళ్లు మొరాయించి, బజారుదాకా నడవలేక రేవులోనే కూర్చుని దళారి చెప్పిన ధరకు చేపలు వదిలేసేది. కడుపులో పుండు ముదిరితే మద్రాసులో ఆపరేషన్ చేసి, జీర్ణాశయంలో సగానికి పైగా తీసేశారు. దాన్ని గ్యాస్ట్రెక్టమీ అంటారట. కొన్ని నెలల తరువాత ఆవిడ నెత్తిన గంపతో నడిచి మా అరుగు దగ్గరికి వచ్చింది! ఒంటి మీద రవిక గాలికి కొట్టుకుంటోంది.

"సెట్టీ, దీన్ని చిన్నది చెయ్యాల. ఎంత తీసుకుంటావు?"

అప్పుడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. అరుగు మీద రైల్వే గార్డు నరసింహం గారు బజ్జీలు తింటున్నారు. ఆయనకూ అదే పుండు, కానీ ఆపరేషన్ వేరు: కడుపును తీయకుండా, పేగుకు కొత్త దారి కలిపారు. ఆయన కూడా మొదట చిక్కారు. రెండేళ్లు తిరక్కుండా ఆయన ప్యాంట్లన్నీ నేనే వదులు చేశాను. ఈవిడా అంతే కదా అనుకున్నాను.

"పోలమ్మక్కా, నీ రవికలు చిన్నవి చేసేదానికి ఎన్నాళ్లయినా మజూరీ వద్దు. మళ్లా లావెక్కి వదులు చెయ్యమంటే మాత్రం రెండింతలు ఇయ్యాల."

"మాట తప్పవు గదా? గార్డయ్యే సాక్షి."

"నా ప్యాంట్లు చూసి పెట్టినాడమ్మా ఈ బేరం!" అని గార్డు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆవిడ మళ్లీ వచ్చింది, ఇంకా చిక్కి. మళ్లీ వచ్చింది. కుట్టిన ప్రతిసారీ లోపల బారెడు మార్జిన్ దాచాను, రేపటి రెండింతల కోసం. ఆ పైన చిక్కడం ఆగింది కానీ, లావెక్కడం మొదలు కాలేదు! ఉగాదికి బొబ్బట్లు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. అభిమానంతోనే, కాకపోతే ఆ అభిమానంలో వ్యాపారం కూడా ఉంది.

"కడుపు కోసినకాడ్నించి తీపి తగిలితే గుండె దడ, ఒళ్లంతా చెమటలు. నువ్వే తిని నీ చొక్కా వదులు చేసుకో," అంది పోలమ్మ. రేకు డబ్బాలోంచి పిడికెడు అన్నం తిని మూత పెట్టేసింది.

"అంతేనా అక్కా?"

"మళ్లా గంటకి ఇంకొంచెం. కోడలు ఎండిపోయిందని మా అత్త ఒకటే ఏడుపు, అన్నంలో నెయ్యి కుమ్మరిస్తది. ఆ ఒళ్లు మళ్లా వచ్చిందనుకో, రేవు దాటి రాగలనా? నా చేపకి మళ్లా ఆ దళారే రేటు చెప్తాడు."

1966లో ఒకనాడు మూట విప్పి పాత ఆది రవిక తీసింది. నా గుండె గంతులేసింది. గెలిచాను!

"లావెక్కినావా అక్కా?"

"నా మొహం! దీన్ని చిన్నది చెయ్యి. మనవరాళ్లిద్దరికీ చెరొక జాకెట్టు."

"ఇది బేరంలో లేదే!"

"నా రవికే గదా? చిన్నది చెయ్యడమే గదా?"

సాక్షి వైపు చూశాను. "చిన్నది చెయ్యడమే సెట్టిగారూ," అన్నారు గార్డు గారు, బజ్జీ నములుతూ.

పోలమ్మ అంతటితో ఆగలేదు. మిగతా రవికలు నా ముందు పడేసింది. "లోపల మడతలు దాచినావే, అవీ కత్తిరించు. చంకల కింద ఒరుసుకుంటా ఉండాయి."

"కోసేస్తే మళ్లా వదులు చేసేదానికి ఉండదక్కా."

"ఉండకూడదు."

మార్జిన్ కోయడం మా పనిలో ఎవరూ చేయరు. నేను కోశాను. కత్తెర కింద నా రెండింతలు చీలికలు పీలికలై రాలాయి. ఎందుకో నాకే ఈల వేయాలనిపించింది!

ఇక చివరి బిల్లు. నాకు పడిన ఖర్చు దారం, టైలర్ కూలి. వచ్చినవి, పోలమ్మ మాట విని రేవులోని ఆడవాళ్లు తెచ్చిచ్చిన ఆదులన్నీ. గార్డు గారికి నొప్పి పోయింది, పొట్ట మిగిలింది, బజ్జీలూ మిగిలాయి. పోలమ్మకు పడింది మా ఇద్దరికన్నా ఎక్కువ: ఒంట్లో రక్తం తగ్గకుండా నెలనెలా సూదిమందు, కళ్లు తిరిగిన పొద్దులు, తీపి లేని పండగలు. ఆవిడకు వచ్చింది, తన చేప ధర తన నోటితో చెప్పుకోవడం. అందులో కొంత డాక్టరు కత్తి సంపాదించింది, మిగతాది ఆ రేకు డబ్బా.

వదులు చేసిన మజూరీ కింద నాకు జమ: సున్నా.