గేటు ముట్టుకోవద్దు

ఆర్డిస్ హోవ్లాండ్‌కి అరవై ఎనిమిదేళ్లు. అందులో సగం కోపంలోనే గడిచాయని మోంటానాలోని ఆ లోయవాళ్లు అంటారు. ఆ కోపంలో ఎక్కువ వాటా పక్క భూమిది. దాన్ని కొన్న ఆసామి ఏడాదికి రెండుసార్లు విమానంలో దిగుతాడు. అక్కడ డబ్బున్న కొద్దిమంది అతిథులకే వేట. ఆ సంగతి పసిగట్టిన ఎల్క్ దుప్పుల మంద పగలంతా ఆయన కంచెలో కునుకు తీస్తుంది, చీకటి పడ్డాక ఆర్డిస్ గడ్డివాముల మీద పడుతుంది. కాపురం అక్కడ, తిండి ఇక్కడ.

వెనకున్న సర్కారు కొండ అందరిదీ. కాకపోతే దానికి జనం పోయే దారి ఆర్డిస్ పొలం గుండా ఒక్కటే. గేటు దగ్గరి డబ్బాలో పేరు రాసిన చీటీ వేసి ఎవరైనా వేటకు పోవచ్చు, ఆమె తండ్రి పెట్టిన పద్ధతి. షరతు ఒక్కటే. లోపలి గేట్లు తెరిచుంటే తెరిచే, మూసుంటే మూసే వదలాలి. అక్కడ పాలుతాగే పిల్లలకీ ఇది తెలుసు.

ఈ సెప్టెంబరు ఎండల్లో, విల్లంబులతో వేటాడే రోజుల్లో, ఎవరో వాగు దగ్గరి గేటు మూసేశారు. నీళ్లు అటు, పశువులు ఇటు. నాలుగో రోజు ఆర్డిస్ వెళ్లేసరికి ఆరు పెయ్యలు చచ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

ఆ నాలుగు రోజుల్లో డబ్బాలో పడ్డ చీటీ ఒకటే, డెల్మర్ రస్క్‌ది. ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేస్తాడు, పాతికేళ్లుగా వస్తున్నవాడు. ఆర్డిస్ నేరుగా అతని షెడ్డుకే వెళ్లింది.

"వాగు గేటు మూసింది నువ్వేనా? నీళ్లు లేక ఆరు పెయ్యలు చచ్చాయి."

"నేనే అత్తా. నీ పశువుల్ని బయటికి తోలేయడానికి ఆ పక్క భూమి మేనేజరుగాడే తెరిచాడనుకున్నా."

"అనుకున్నావా? అనుకోమని ఎవడు చెప్పాడురా నీకు? నాకో ఫోను చేస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

డెల్మర్ తలెత్తలేదు. "పూడ్చడానికి నేనొస్తా."

"నువ్వే కాదు, ఇక ఎవడూ రావద్దు."

ఆ సాయంత్రమే పెద్ద గేటుకు తాళం పడింది.

మూడో రోజు పక్క మేనేజరు టోపీ తీసి చేతపట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"మంచి పని చేశారండీ. ఇక కొండంతా మనదే. మా అయ్యగారు ఎంత సంతోషించారో."

"మనదా?"

ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పడిగాడట. ఆర్డిస్‌కి ఒళ్లు మండిపోయింది. అతన్ని వాకిలి దాటమంది, తాళంచెవి వెతికే ఓపిక లేక పెద్ద ఇనుప కత్తెర తీసుకెళ్లి తాళం తెంపింది, అట్నుంచటే డెల్మర్ షెడ్డుకు వెళ్లింది.

"పొద్దున్నే రా. ముందు ఆ పెయ్యల్ని పూడ్చు, తర్వాత కొండెక్కు. మిగతావాళ్లకీ చెప్పు."

"క్షమించావా అత్తా?"

"చచ్చినా క్షమించను. ఈసారి గేటు మీద చెయ్యేస్తే ఆ చెయ్యి విరిచేస్తా. పొద్దున్నే రా."