పూనాకు గంటా పదిహేను నిమిషాలు

ఇప్పటికీ ఎవరన్న "పూనా ఎంతసేపు, ఇట్ల ఎక్కి అట్ల దిగుడే" అంటె నాకు ఒళ్లు మండుతది. హైదరాబాద్ నుంచి పూనాకు గాలిల ఐదువందల కిలోమీటర్లు, ఫ్లైట్‌ల గంటా పదిహేను నిమిషాలు. లెక్క కరెక్టే. సంతోష్‌నగర్‌ల మా ఇంట్లకెళ్లి బయటపడుడు ఆ లెక్కల లేదు.

మా అక్కకు గొంతుల క్యాన్సర్. శుక్రవారం పొద్దున పదింటికి పూనాల ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తరు, ఇగ మాట రాదని డాక్టర్లు ముందే చెప్పిండ్రు. గురువారం అక్క ఫోన్ చేసింది. "రావే, నీకొక మాట చెప్పాలె." ఇప్పుడే చెప్పరాదా అన్న. "ఫోన్ల కాదే, నీ మొఖం చూసి చెప్త" అన్నది. తెల్లారి ఆరు యాభై ఫ్లైట్‌కు టికెట్ తీసిన.

మా బాపు గుడి పూజారి. పంచాంగం తిరగేసి, "శుక్రవారం పడమరకు శూల, పోవద్దు" అన్నడు. పోక తప్పదన్న. అయితె ప్రస్థానం పెట్టాలన్నడు. మంచి గడియల మన సామాను ఒకటి వేరేవాళ్లింట్ల పెడితె ప్రయాణం అప్పుడే మొదలైనట్టు, తెల్లారి దాన్ని తీసుకొని అటే పోవాలె. చిన్నప్పటి సంది చూస్తున్నదే, సరే అన్న. ఒక చీర పట్టుకపోతడు, ఏం పోయింది అనుకున్న. నేను బట్టలు సర్దుకుంటుంటె నా హ్యాండ్‌బ్యాగ్ తీస్కపోయి, వెనక గల్లీల కిరాణా సేటు ఇంట్ల పెట్టొచ్చిండు. ఆధార్ కార్డు అండ్లనే ఉంది. తెచ్చుకుంట అంటె, "ప్రస్థానం పెట్టింది మళ్ల ఇంటికి రావద్దు. సేటు నాలుగింటికే లేస్తడు, ఏం ఫికర్ చెయ్యకు" అన్నడు. ఆ మాట నమ్మిన. నా బుద్ధి గడ్డి తిన్నది.

నాలుగున్నరకు పోతె సేటు ఇంటికి తాళం. నాలుగింటికి లేచేది మండికి పోవడానికంట. ఫోన్ ఎత్తడు. నా ఫోన్ల ఆధార్ ఫొటో ఉంది గని ఎయిర్‌పోర్ట్ గేటు కాడ ఫొటో చెల్లదు. బాపు మెల్లగ వచ్చి, "గింత దానికి గంత లొల్లి ఏందే? గంట ప్రయాణమే కదా" అన్నడు. ఇగ చూడు, కన్నతండ్రిని అనరాని మాటలు గల్లీ అంత ఇనంగ అన్న. సేటు ఆరింటికి వచ్చిండు. శంషాబాద్ చేరేసరికి కౌంటర్ మూసిండ్రు.

తర్వాత ఫ్లైట్ తొమ్మిదింటికి దొరికింది. అక్కకు చెప్తె, "ఏం కాదే, నువ్వొచ్చేదాక ఆగమంట" అన్నది. ఆపరేషన్ ఎవరి కోసం ఆగుతది? ఆమె గొంతు నేను ఇన్నది గదే ఆఖరు.

దిగి ఫోన్ ఆన్ చేస్తె అక్కవి మూడు మిస్డ్ కాల్స్. మూడూ నేను గాలిల ఉన్నప్పుడు చేసినవే. ముందు ఫోన్ల చెప్పనన్న మనిషి, ఇగ నేను టైముకు అందుకోనని తెలిసి ఫోన్లనన్న చెప్దామని చూసింది. దవాఖానకు ఉరికిన. అప్పటికే లోపలికి తీస్కపోయిండ్రు.

అక్క బతికింది. ప్రస్థానం పెట్టినం కాబట్టే బిడ్డ దక్కిందని బాపు గుడికి వచ్చినోళ్లందరికీ చెప్పుకుంటడు. ఆ మాట ఇన్నప్పుడల్ల పండ్లు పటపట కొరుకుత.

నాలుగో రోజు అక్క లేచి కూసుంది. నోట్‌బుక్, పెన్ను చేతిల పెట్టి, చెప్పాలన్నది ఏందో రాయవే అన్న. చానసేపు నా మొఖమే చూసింది. తర్వాత ఒక్క ముక్క రాసింది.

"అది రాసేది కాదే."