అద్దంలాంటి నేల, మా మక్కగాని కాళ్లు

ఆ రోజు ఆదివారం. మా బిడ్డ శ్రావణి హాలు చివర నిలబడి గిన్నె చప్పుడు చేసింది. మా ఐదు నెలల కుక్కపిల్ల మక్కగాడు మెట్ల దగ్గర్నుంచి ఉరికి వచ్చి, నడి హాల్లో వెనుక కాళ్లు రెండు పక్కలకూ జారిపోయి, పొట్ట మీద పడ్డాడు. అంతకుముందు కూడా జారేవాడు, వెంటనే లేచేవాడు, మేం నవ్వేవాళ్లం. ఆ రోజు లేవలేదు. ముందు కాళ్లతో నేలను గీకుతూ, వెనుక సగాన్ని ఈడ్చుకుంటూ గిన్నె దాకా వచ్చి తిన్నాడు. తింటూ తోక కూడా ఊపాడు. అందుకే నేను పట్టించుకోలేదు.

"బాపూ, వీడు లేస్తుంటే నడుములకెల్లి టక్కుమని చప్పుడొస్తుంది" అంది శ్రావణి.

"ఎముకలు గట్టిపడుతున్నయి బిడ్డా" అన్నాను.

నాకు నలభై తొమ్మిదేళ్లు. మాది కోరుట్ల. పన్నెండేళ్లు గల్ఫ్‌లో గ్రానైట్, మార్బుల్ పరిచే పని చేశాను. తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు నేల పని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నల్ల గ్రానైట్ నేనే పరిచాను. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. పాలిష్ ఎన్నిసార్లు పట్టానో లెక్క లేదు. వంగి చూస్తే మొహం కనబడేది. ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లు ముందు మా ఇంటికొచ్చి నేల చూసిపోయేవాళ్లు.

మక్కగాడు గోల్డెన్ రిట్రీవర్. ఎండిన మక్కజొన్న కంకి రంగులో ఉన్నాడని శ్రావణి ఆ పేరు పెట్టింది. సిరిసిల్లలో రాజేశం అనే ఆయన దగ్గర తెచ్చాం. ఆయన ఇంట్లోనే నాలుగు మరమగ్గాలు, మా దిక్కు సాంచాలంటాం, నడుపుకునే మనిషి.

కుక్కలు పెంచుకునేవాళ్ల ఈ గ్రూపులో చాలామంది నా వీడియో చూశారు. "సిరిసిల్ల రాజేశం కుంటి పిల్లల్ని అంటగడుతుండు, ఎవలూ పోకుండ్రి" అని చెప్పింది నేనే. ఆ వీడియోలో నేను మింగేసిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

కుక్కపిల్లను తీసుకోవడానికి పోయిన రోజు రాజేశం మాట్లాడటం కోసం నాలుగు సాంచాలూ బంద్ చేశాడు. చప్పుడంతా ఆగాక చెప్పాడు.

"అన్నా, తల్లికి ఎక్స్-రే తీయించిన, కాగితం ఉన్నది. తండ్రి కుక్క నాది కాదు, దానికి తీయించలే. గీ జాతికి తుంటి కీళ్ల రోగం వస్తుంటది. అన్నీ ఎరికై, ఇష్టమైతేనే కొంచపో."

"మనుషులకే తీయించం ఎక్స్-రేలు, కుక్కకు తీయిస్తమా" అని నవ్వాను.

"మీ ఇంట్ల కింద ఏమున్నది? బండలా, సిమెంటా?"

"గ్రానైట్. మొహం కనబడ్తది."

"అయితే ఏడాది దాకా దాని మీద గోనె పట్టాలు పరువు. మెట్లెక్కనియ్యకు. లావు కానియ్యకు."

నేల గురించి నాకు చెప్పేటోడు వచ్చిండు అనుకున్నాను. శ్రావణి నా పక్కనే నిలబడి అంతా విన్నది.

ఆ ఆదివారం తర్వాత నేను చేసిన వైద్యం వినండి. మొదట బెణికిందని నూనె పెట్టి రుద్దాను. తర్వాత బలం లేదనుకుని మెడికల్ షాపులో కాల్షియం టానిక్ కొని రోజుకు రెండు పూటలూ పోశాను. గుడ్లు, కార్జం పెట్టాను. మా అన్న గంగారాం చూసిపోయి "ఇంత బొచ్చుకుక్క పులిలెక్క ఉండాలె. ఉరికియ్యిరా, కాళ్లు అవే గట్టిపడ్తయి" అన్నాడు. పొద్దున్నే బండికి తాడు కట్టి వెంట ఉరికించాను. నెల తిరిగేసరికి మక్కగాడు కుందేలులాగా వెనుక కాళ్లు రెండూ కలిపి గెంతడం మొదలుపెట్టాడు. మెట్ల దగ్గర నిలబడి పైకి చూసేవాడు కానీ ఎక్కేవాడు కాదు.

జగిత్యాల తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. మత్తు ఇచ్చి ఎక్స్-రే తీసి, లైటు ముందు పెట్టి చూపించింది.

"ఇగో అంకుల్, ఇది బాల్, తొడ ఎముక తల. ఇది సాకెట్, తుంటిల గుంత. బాల్ సాకెట్ల లోపలికి కూసోవాలె. వీనికి అంచు మీద ఆగింది. హిప్ డిస్‌ప్లాసియా. రెండు దిక్కులా ఉన్నది, కుడి దిక్కు ఎక్కువ."

"అంటే పుట్టుకతోనే వచ్చిందా?" అని అడిగాను. ఆమె అవునంటే బాగుండునని ఎంతగా కోరుకున్నానో నాకు గుర్తుంది.

"కొంత పుట్టుకతోని వస్తది. మిగతాది ఇంట్ల ముదురుతది. బరువు ఎక్కువున్నడు. కాల్షియం ఎవరు రాసిండ్రు? గీ సైజు పిల్లలకు ఎక్కువ పోస్తే ఎముకలకే నష్టం. ఇంట్ల నేల ఎట్లుంటది?"

మొదటి మాట ఒక్కటి పట్టుకుని బయటికొచ్చాను. ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఆ వీడియో తీశాను. శ్రావణి బండి పక్కన మక్కగాణ్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంది.  ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

వారం తిరక్కముందే రాజేశం బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకుని నేను గొంతు సవరించుకున్నాను. ఆయన నా దిక్కు చూడలేదు. మక్కగాని పక్కన గొంతుక్కూర్చుని తుంటి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నేల చూశాడు.

"పట్టాలు పరువలేదా అన్నా?"

 నాకంటే ముందు శ్రావణి అందుకుంది. "నువ్వు చెప్పినవు మామా. నేను విన్న. బాపు గూడ విన్నడు."

రాజేశం లేచాడు. "వీన్ని నాకియ్యిండ్రి. మా ఇంట్ల మట్టినేల ఉన్నది. నేను సాదుకుంట."

"మాది మేం చూసుకుంటం" అన్నాను. ప్రేమతో అన్న మాట కాదది, మొండితనంతో అన్నాను. ఆయన చాయ్ తాగకుండానే పోయాడు. ఆయన దగ్గర తర్వాతి ఈత పిల్లలకు మాట చెప్పుకున్న రెండు కుటుంబాలు నా వీడియో చూసి వెనక్కి పోయాయని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి డాక్టరమ్మ చెప్పినట్టే చేశాం. కాల్షియం ఆపేశాం. తిండి కొలిచి పెట్టాం. పెయిన్ కిల్లర్ ఆమె చెప్పినన్ని రోజులే. మేడిపల్లిలో మా బామ్మర్ది పొలం పక్కన కాలువ ఉంది. పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో పది నిమిషాలు నడిపించేవాణ్ని. నేల కోసం బర్లకొట్టాల్లో గేదెల కింద వేసే మందపాటి రబ్బరు మ్యాట్లు తెచ్చి హాలంతా పరిచాను. గంగారాం వచ్చి గడపలోనే ఆగాడు.

"ఇల్లా ఇది, బర్లకొట్టమా?"

"కొట్టమే బావా. చెప్పులు విడువకున్నా ఏం కాదు, రా" అంది నా భార్య సునీత.

"బీర్పూర్‌ల నాకెరికైన రైతు ఉన్నడు. చేన్ల కట్టేసుకుంటడు. ఇచ్చిరారాదు. కుక్కనే గదా."

"ఎటూ పోడు అన్నా" అన్నాను. ఈసారి మొండితనం ఒక్కటే కాదు. మూడు నెలల్లో మక్కగాడు బరువు తగ్గాడు, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి నడవడం మొదలుపెట్టాడు. శ్రావణి నాతో మళ్లీ మాట్లాడుతోంది.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నన్ను వదలదు. జగిత్యాలలో పెద్ద ఇల్లు కడుతున్న ఒకాయన నా నేల చూసి పని ఇస్తానన్నాడు. ఆయన వచ్చే పొద్దున రబ్బరు మ్యాట్లు చూస్తే ఏమనుకుంటాడోనని అన్నీ చుట్టి వెనుక గదిలో పెట్టాను. "వీన్నన్న కట్టెయ్యి" అని సునీత చెప్పింది. "గంట సేపే గదా" అన్నాను. కారు చప్పుడు వినగానే మక్కగాడు ఉరికాడు. హాలు మధ్యలో కుడికాలు బయటికి జారిపోయింది. అప్పుడు మాత్రం అరిచాడు. వచ్చిన మనిషి గడపలో నిలబడి, ఏం జరిగిందో తెలియక, "నేల మస్తుంది మేస్త్రీ" అన్నాడు.

మళ్లీ జగిత్యాల. మళ్లీ ఎక్స్-రే.

"బాల్ పూర్తిగా బయటికొచ్చింది. లోపలికి పెట్టినా ఆగేటట్టు లేదు. ఎఫ్‌హెచ్‌ఓ అని సర్జరీ చెయ్యాలె. బాల్ కోసి తీసేస్తం. తర్వాత కాలును కండనే పట్టుకోవాలె. అందుకే ఫిజియోథెరపీ తప్పదు." ఎక్స్-రే పక్కన పెట్టి అడిగింది. "మ్యాట్లు పరిచినమన్నరు గదా అంకుల్?"

"తీసిన" అన్నాను.

కాగితం మీద సంతకం పెట్టాలంటే సునీత చెయ్యి చాపింది. శ్రావణి పెన్ను తీసి నా చేతికిచ్చింది. "బాపు పెట్టాలె. తీసింది బాపు."

ఆపరేషన్ తర్వాత మక్కగాణ్ని, శ్రావణిని మేడిపల్లిలో బామ్మర్ది ఇంట్లో ఉంచాం. అది అలికిన నేల. నేనూ అక్కడే ఉండి రోజుకు మూడుసార్లు వాడి కాలు మడిచి, చాపి, మడిచి, చాపేవాణ్ని. పన్నెండేళ్లు మోకాళ్ల మీద పనిచేసిన వాణ్ని, నా కీళ్లు కూడా వాడితోపాటే టక్కుమనేవి. రెండు వారాలు ఆ కాలు గాల్లోనే ఉంది. మూడో వారంలో ఒకసారి వేళ్లు నేలకు ఆనించి, కాలు కాలిందేమో అన్నట్టు మళ్లీ ఎత్తేశాడు. శ్రావణి అరచేత్తో నోరు మూసుకుంది. మేం ఇద్దరం కదలకుండా చూస్తూ కూర్చున్నాం. మళ్లీ ఆనించాడు.

మర్నాడు కోరుట్లకు వచ్చి నా గ్రైండర్ బయటికి తీశాను. గల్ఫ్‌లో కార్లు ఎక్కే ఏటవాలు దారుల మీద టైర్లు జారకుండా గాడులు కోసేవాళ్లం. ఆ గాడులే మా హాల్లో కోశాను. గడప నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి పెరటి దాకా. మిగతా చోట పాలిష్ పోయేదాకా గరుకుగా రుద్దాను. మూడు రోజులు పట్టింది. ఇల్లంతా దుమ్ము. గంగారాం తలుపు దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"పన్నెండేండ్ల పనితనాన్ని గీకి పారేస్తున్నవురా."

"పరిచింది నేనే, గీకేది నేనే. నీకేం నొప్పి?"

అది అయ్యాక సిరిసిల్ల పోయాను. రాజేశం సాంచాలు బంద్ చేశాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన తలొంచుకుని విని, "నాతోని చెప్పుడు కాదు అన్నా. ఎక్కడన్నవో గక్కడ చెప్పు" అన్నాడు. నేను గడప దాటాక మళ్లీ పిలిచాడు. "తండ్రికి ఎక్స్-రే చూడకుంట జత కట్టిచ్చిన. గది నా తప్పు. గది గూడ రాయి." రాశాను. కానీ ఆ సంగతి ఆయన నాకు ముందే చెప్పాడని, విని నవ్వింది నేనని కూడా చదవండి.

మక్కగానికి ఇప్పుడు రెండున్నరేళ్లు. కుడి దిక్కు కొంచెం ఒరిగి నడుస్తాడు. సోఫా ఎక్కనివ్వం. చలికాలం పొద్దున లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంటాడు, మేం ఆగుతాం. ఎడమ తుంటి ముందు ముందు ఎట్లుంటుందో డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. కాలువ నడక ఆపలేదు. హాల్లో గిన్నె చప్పుడైతే ఉరికే వస్తాడు, జారడు. మా నేల చూడటానికి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. రాకపోనీ. వచ్చినవాళ్లు ఎందుకిట్లా పాడుచేశావంటే, నా కుక్క నడవడానికని చెబుతాను, నవ్వితే నవ్వనీ.

గోల్డెన్ రిట్రీవర్‌ను తెచ్చుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. అమ్మేవాడి ఇల్లు చూడటానికి పోయే ముందు మీ ఇంటి నేల మీద వంగి చూడండి. అందులో మీ మొహం కనబడితే, ముందు దాన్ని కప్పండి. ఆ తర్వాతే పిల్లను తెచ్చుకోండి.