నెవిల్ ట్రెగెంజా తోలుకొచ్చిన కారు

మా ఊరు పోర్ట్ లింకన్‌లో నెవిల్ ట్రెగెంజా ఎవరని అడిగితే ముందు అతని కారు గురించి చెబుతారు. భార్య వెర్నాని అడిగినా అంతే. "నా ఇద్దరు పిల్లలకీ రుద్దిన సబ్బుకన్నా ఆ కారుకి రుద్దిన మైనమే ఎక్కువ," అంటుంది. అందులో అబద్ధం లేదు.

అది 1934 నాటి ఫోర్డు. మేమంతా నెవ్ అని పిలిచే అతనికి ఒక గొర్రెల ఫారంలో దొరికింది. అప్పటికి అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ధాన్యం నిలవచేసే ఎత్తైన సైలోల దగ్గర ఫిట్టరుగా పనిచేస్తూ, సెలవు రోజులన్నీ తగలేసి, పదకొండేళ్ళకి దాన్ని మళ్ళీ కారు చేశాడు. పైకప్పు నాలుగు అంగుళాలు కోసి కిందికి దించాడు. లోపల కూర్చుంటే పోస్టు డబ్బా సందులోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. రంగు మాత్రం ఎర్రగా, నోరూరేలా ఉంటుంది. కారు బాగాలేదని ఎవరూ అనలేరు. గొడవంతా దాని యజమానితోనే.

ప్రతి అక్టోబరులో, సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతంలో, వీల్ జెస్సీ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరుగుతుంది. కోసి, అతికి, రంగులేసిన కార్లు నాలుగైదు వందలు వస్తాయి. పెళ్ళాం పుట్టినరోజు గుర్తులేని మగాళ్ళు ఒక హెడ్‌లైటు ఏ ఏడాదిదో తేల్చడానికి గంటసేపు కొట్టుకుంటారు. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో చక్రాల మధ్య దుమ్ము తీస్తారు. పొట్ట వంచి బూటు తాడు కట్టుకోలేనివాడు కారు కింద అద్దం పెట్టి, బోర్లా పడుకుని చూస్తాడు. ఇరవై రెండేళ్ళుగా నేనూ పోతున్నాను, కాబట్టి నన్నూ ఆ లెక్కలోనే వేసుకోండి.

అక్కడ అన్నిటికన్నా పెద్ద గౌరవం రోడ్డు కప్పు. ఎక్కువ దూరం నుంచి కారుని సొంత చక్రాల మీద నడుపుకుంటూ వచ్చినవాడికి ఇస్తారు. మా లింకన్ నుంచి సముద్రపాయ చుట్టూ తిరిగి రావాలంటే అయిదొందల నలభై కిలోమీటర్లు. నెవ్ ఆ కప్పు ఆరుసార్లు కొట్టాడు. దారిలో ముందు జాలీకి అతుక్కున్న పురుగుల్ని కప్పు ఇచ్చేదాకా కడగడు. జనం మూగి ఆ పురుగుల్నే చూస్తారు. మెరుపు ఎవడైనా తేగలడు, పురుగులు రోడ్డు మీద సంపాదించాలని మావాళ్ళ నమ్మకం. కారుని వేరే బండి లాగే ట్రైలర్ మీద తెచ్చేవాడంటే ఇక చెప్పేదేముంది, మనిషి కింద లెక్కకట్టరు.

ఎనిమిదేళ్ళ కిందట మా ఊరి కోలిన్ ప్రిస్క్ తన పచ్చ షెవ్రొలేని ట్రైలర్ మీద తెచ్చాడు. మైకు నెవ్ చేతిలో ఉంది. "కోలిన్ కారుకి ఒంట్లో బాగోలేదట! పాపం, మంచంతో సహా మోసుకొచ్చారు!" అన్నాడు. మైదానమంతా నవ్వింది. కోలిన్ ఎర్రబడి ఏదో చెప్పబోయాడు, మైకు మోతలో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ప్రదర్శన జరిపే కార్ల క్లబ్బు సమావేశంలో నెవ్ ఒక రూలు పెట్టించాడు. ట్రైలర్ మీద వచ్చిన బండికి మరుగుదొడ్ల వెనకే చోటు. అప్పటినుంచి కోలిన్ ఏటా వస్తాడు, నోరెత్తకుండా అక్కడే పెట్టుకుంటాడు.

ఈ ఏడాది జూన్‌లో నెవ్‌కి ఆపరేషన్ చేసి ఎడమ తుంటి కీలు మార్చారు. ఆ ఫోర్డు క్లచ్ తొక్కడమంటే బస్తా ఎత్తినంత పని. అరగంట నడిపితే కాలు మొద్దుబారిపోతుంది. సెప్టెంబరులో కర్ర పోటేసుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"ఒరేయ్ గార్త్, నీ మూసిన ట్రైలర్ ఖాళీగా ఉందా?"

"దేనికి?"

"కారుకి. వీల్ జెస్సీ బయటిదాకా చాలు. అక్కడ దింపి నేనే తోలుకెళ్తా. వెర్నాకి కూడా చెప్పకు."

"ట్రైలర్ మీదే లోపలికి పోదాం. తుంటి సంగతి చెబితే ఎవరూ ఏమీ అనరు."

"మరుగుదొడ్ల వెనకా? నేనా?" అని కర్రతో నేల మీద కొట్టాడు. "చచ్చినా జరగదు."

ఒప్పుకున్నాను. స్నేహం కోసమని చెప్పుకోవచ్చు గానీ అది కాదు. ఆరు కప్పుల మనిషి దొంగచాటుగా వెళ్ళడం కళ్ళారా చూడాలనిపించింది.

దారిలో పోర్ట్ జెర్మైన్ దగ్గర ఆగాం. నా బండి ముందు భాగమంతా మిడతలు. నెవ్ జేబులోంచి వెర్నా కనుబొమ్మలు తీసుకునే పట్టకారు తీసి, ఒక్కొక్క మిడతనీ పీకి జామ్ సీసాలో వేసుకున్నాడు. వీల్ జెస్సీకి కిలోమీటరు ఇవతల సైలోల చాటున ఫోర్డుని దింపాం. జాలీకి తేనె రాసి మిడతల్ని అంటించాడు. ఒకటి అంటించడం, కుంటుకుంటూ వెనక్కి వచ్చి తల వంచి చూడటం, మళ్ళీ వెళ్ళి కాస్త పక్కకి జరపడం. అరవై ఆరేళ్ళ మనిషి! నేను సైలో గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను.

"నవ్వు, నవ్వు," అన్నాడు. "పెద్దదాన్ని ఎటు పెట్టమంటావో అది చెప్పు."

లోపలికి వెళ్ళగానే జనం మూగారు, జాలీ చూసి ఈలలు వేశారు. కప్పు ఇచ్చేముందు దారి కథ మైకులో చెప్పడం అక్కడి ఆనవాయితీ. నెవ్ చెప్పాడు. మిడతలు మబ్బులా కమ్మేశాయన్నాడు, పోర్ట్ ఆగస్టా దాటాక ఎదురుగాలికి స్టీరింగు నిలవలేదన్నాడు. చెబుతూ చెబుతూ తనే నమ్మేశాడనుకుంటా, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. సిగ్గులేని మనిషి.

న్యాయనిర్ణేత మెర్ల్ కిట్టో. నలభై ఏళ్ళు కార్ల సొట్టలు తీసిన చేతులు ఆవిడవి. నెవ్ మాట్లాడుతుంటే ఆవిడ మిడతల వైపు చూడనే లేదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు మీద వేలు రాసి చూస్తోంది.

"టైర్లు కొత్తవా నెవ్?"

"మరి! పోయిన వారం లింకన్‌లోనే వేయించా."

మెర్ల్ టైరు నడిమధ్య నుంచి ఏదో గిల్లి అరచేతిలో పెట్టి చూపించింది. సన్నటి రబ్బరు వెంట్రుక. కొత్త టైరుకి అచ్చులోంచి అలాంటివి మొలుచుకొస్తాయి. రోడ్డెక్కితే ముందు నడిమివే అరిగి రాలిపోతాయి.

"అయిదొందల నలభై కిలోమీటర్లు తిరిగిన టైరుకి ఇవింకా ఉంటాయా?"

అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ జవాబు తెలుసు. మిడతల కోసం అంత తంటాలు పడ్డవాడు, నల్లగా నిగనిగలాడాలని తనే వేయించుకున్న టైర్ల సంగతి మరిచిపోయాడు. నెవ్ ముఖం పాలిపోయింది. గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"గార్త్‌ని అడుగు! దారంతా నా వెనకే ఉన్నాడు. చెప్పరా!"

అందరూ నావైపు తిరిగారు. నెల రోజులుగా నేను ఎదురుచూస్తున్నది ఈ క్షణం కోసమే.

"వెనక కాదు, ముందున్నాను," అన్నాను. "అతని కారు నా ట్రైలర్‌లో ఉంది."

మైదానం పగలబడి నవ్వింది. మెర్ల్ నవ్వలేదు.

"రూలు నువ్వు పెట్టిందే నెవ్. బండి తియ్యి."

గేటు దాటి పోతాడనుకున్నాను. పోలేదు. కారు రెండుసార్లు కుదుపులతో ఆగింది, మూడోసారి కదిలింది. వరసల మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, మరుగుదొడ్ల వైపు తిప్పాడు. మిగతా వేడుక కూడా చూద్దామని నేను వెనకే నడిచాను.

కోలిన్ లేచి తన సామాను పక్కకి జరిపాడు. "కాస్త ఎడంగా పెట్టు నెవ్. మధ్యాహ్నానికి గాలి ఇటు తిరుగుతుంది, కంపు భరించలేవు."

నెవ్ దిగలేకపోయాడు. కోలిన్ చంకలో చెయ్యి వేసి బయటికి లాగాడు.

"తుంటి మార్చారా?"

"జూన్‌లో."

"చెబితే పోయేదిగా."

"నువ్వు మాత్రం ఆనాడు ఎందుకొచ్చావో చెప్పావా ట్రైలర్ మీద?"

"చెప్పాను. గుండె కోసి మూడు వారాలే అయిందని చెప్పాను. మైకు నీ చేతిలో ఉంది."

నెవ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు నవ్వు ఆగలేదో, ఆపుకోలేదో, పళ్ళు మాత్రం బయటే ఉన్నాయి. కోలిన్ నావైపు చూశాడు.

"నీకేం నవ్వొస్తోంది గార్త్? వాడికి తెలీదు, నవ్వాడు. నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి దింపింది నువ్వు. ఆ ఏడు నా కారుని ఇక్కడికి లాక్కొచ్చిన ట్రైలర్ కూడా నీదే. ఆ రోజు నువ్వెందుకు నవ్వావు?"

నెవ్ చేతులు తీసి నా ముఖంలోకి చూశాడు. ఇద్దరూ నా జవాబు కోసం ఆగారు. నేను వంగి, ఫోర్డు జాలీకి అంటిన మిడతల్ని ఒక్కొక్కటిగా గిల్లడం మొదలుపెట్టాను.