పంచితేనే జున్ను

మా పై ఫ్లాట్ ఆంటీ పోయిన వారం ఆసుపత్రిలో పోయారు. ఎడిన్‌బర్గ్‌లో మాకెవరికి జ్వరమొచ్చినా డాక్టరు కంటే ముందు ఆవిడే గుర్తొచ్చేవారు. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ పెత్తనం నుంచి కాలేదు. ఆ పెత్తనం లేని ఇల్లు నాకిప్పుడు బొత్తిగా నచ్చడం లేదు.

ఆంటీకి చీజ్ మీద పాత పగ. ఎవరో నిఘంటువు చూసి దాన్ని జున్ను అన్నారట. "ఈ సబ్బుముక్క జున్నేంటమ్మాయ్? ఈనిన గొడ్డు తొలిపాలు కావాల, బెల్లం, మిరియాలు పడాల," అనేవారు. ఈ దేశం వచ్చాక ఆవిడ జున్ను ఎరగరు. గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పగానే ఆల్ప్స్ లోయకు వెళ్లాల్సిందేనని పట్టుబట్టారు. అన్ని ఆవులున్నచోట తొలిపాలు దొరక్కపోవని ఆవిడ ధీమా. వద్దని చెప్పి చెప్పి, చివరికి నేనే తోడు వెళ్లాను.

కేబుల్ కారు దిగాక పచ్చికలో, పూల మధ్య కాలిబాట. కనిపించిన ప్రతి రాయి మీదా కూర్చుంటూ నడిచారు. "ఆయాసం నాది, మొహం నువ్వెందుకట్టా పెట్టావ్?" అని నన్నే కసిరారు.

పైన ఆవులు మేపుకునే ఒకావిడ చెక్క ఇంటి ముందు బల్లలేసి రొట్టె, చీజ్ పెడుతోంది. ఆంటీ మర్యాదగా తిని, ఇది కాదన్నారు. భాష రాక, అంబా అని అరిచి, దూడ పుట్టడం చేతులతో అభినయించారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ పగలబడి నవ్వి, ఆంటీ చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకెళ్లింది. అక్కడ ఇంకా ఒళ్లు ఆరని దూడ. చెంబెడు చిక్కటి పసుపుపచ్చ పాలు ఇచ్చింది. ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి బెల్లం, మిరియాల పొడి బయటికొచ్చాయి!

ఆవులావిడ వంటింట్లో ఆవిరి మీద జున్ను గట్టిపడ్డాక కూర్చుని తింటారనుకున్నాను. "ఇరుగుపొరుగుకి పెట్టకుండా తినకూడదు," అన్నారు.

"ఇక్కడ మనకు ఇరుగుపొరుగు ఎవరాంటీ?"

"మరి వాళ్లెవరు?" అంటూ కొండదారిన నడిచొచ్చి బల్లల దగ్గర కూర్చున్నవాళ్లను చూపించారు.

గిన్నె నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. బల్లల అంచులు ఆసరాగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెంచాడేసి పెట్టారు. ఆవులావిడకు ఇంకాస్త ఎక్కువ. తిరిగొచ్చేసరికి గిన్నెకు అంటుకున్నదే మిగిలింది. ఎండలో కూలబడి, దాన్ని వేలితో గీకి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఎంతకీ తెరవరు. నేను హడలిపోయి చెయ్యి పట్టుకున్నాను.

"ఉండమ్మాయ్," అన్నారు కళ్లు తెరవకుండానే. "ఇంకా నాలిక మీదే ఉంది."