ముందు ఎడమ సీటు

గార్డెన్ రీచ్‌లో ఓ పాత స్పోర్ట్స్ సెడాన్ చూసి బస్సులో వస్తూ, మా ఆవిడకి ఫోన్లో చెప్పాను. "ఇంజన్ బాగుంది. డ్రైవర్ సీటు అరిగింది గానీ, పక్క సీటు కొత్తదే అనుకో. ఎవరూ కూర్చున్నట్టే లేదు."

ఫోన్ పెట్టేశాక, పక్కనున్న పెద్దావిడ ఆ పరాయి రాష్ట్రంలో తెలుగులోనే పలకరించింది.

"మా ఆయన కారు కొన్నోళ్లూ ఆ సీటు చూసి అలాగే సంబరపడ్డారు, బాబూ. రిటైరయ్యాక ఈ కుర్రోళ్ల కారేటని అలిగి, ఆయనున్నన్నాళ్లూ నేను ఎక్కనేదు. ఆదివారం చర్చికి కూడా ఆయన కారులో, నేను ఆటోలో."

తర్వాత కిటికీ వైపు తిరిగింది. వాట్‌గంజ్ స్టాపులో దిగిపోయింది.

నేను చూసొచ్చిన ఆ కారే కొన్నాను. ఎడమ సీటు ఇప్పుడు బాగా నలిగిపోయింది. కవరు మార్చమంటారా అని సర్వీసింగ్‌లో అడిగితే, వద్దన్నాను.